ఇంజిన్ మళ్లీ కట్టిన పాత చైన్‌సా కొనవచ్చా? కొనేముందు చూసుకోవాల్సినవి

యాసంగి కోతలు అయిపోయి పొలాలు ఖాళీ అయ్యే వేసవిలో, మళ్లీ మామిడి కాయ దిగాక కొమ్మలు కత్తిరించే రోజుల్లో రైతు వేదికల దగ్గర ఒక ప్రశ్న తరచూ వినబడుతుంది. "సార్, చెట్లు కోసే మిషన్ సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి అమ్మకానికి వచ్చింది. ఇంజిన్ కొత్తగా చేయించారట. తీసుకోమంటారా?" జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గట్ల మీద చెట్లు, జామాయిల్ తోటలు, పాత మామిడి తోటలు ఉన్న రైతుకు చైన్‌సా అక్కరకొచ్చే పనిముట్టే. కొత్తది కొనాలంటే అంత డబ్బు ఒక్కసారి పెట్టలేం కాబట్టి పాతదాని వైపు చూస్తాం. అందులో తప్పు లేదు.

ఇంజిన్ మళ్లీ కట్టించారన్న మాట విని భయపడనక్కర్లేదు, సంబరపడనూ అక్కర్లేదు. అమ్మే మనిషిని మొదట అడగాల్సింది ఒకటే: పాత ఇంజిన్ ఎందుకు పోయింది? కొత్త పిస్టన్ వేసినంత మాత్రాన పాత పిస్టన్‌ను కాల్చిన కారణం పోదు. ఆ కారణాన్ని సరిచేయకపోతే కొత్త పిస్టన్ కూడా అలాగే కాలిపోతుంది, ఈసారి మీ డబ్బుతో.

ముందు మీ పని ఎంతో లెక్క వేసుకోండి

జనగామ వైపు చెలకల్లో గట్ల మీద వేప, తుమ్మ, బీడు పడిన చోట సర్కారు తుమ్మ. వీటి పని సంవత్సరం మొత్తానికి నాలుగైదు రోజులు. అంత కొద్ది పనికి సొంత మిషన్ దండగ. మిషన్ తెచ్చుకుని వచ్చే కోత మనిషిని పిలవండి. పెట్రోలు, చైన్, రిపేరు అన్నీ అతనివే. మహబూబాబాద్ జిల్లాలో ముదురు మామిడి తోట ఉన్నవారికి జూన్, జూలైలలో లావు కొమ్మలు తీయడానికి మిషన్ కావాలి. అయితే మణికట్టు లావు లోపు కొమ్మలకు చేతి రంపమే మేలు, కోత నున్నగా వస్తుంది, పక్క బెరడు చిట్లదు. భూపాలపల్లి వైపు జామాయిల్ వేసిన వారిలో చాలామంది కర్రను వ్యాపారికి నిలువునా అమ్ముతారు, కోత మనుషులు అతని వాళ్లే. అలాంటప్పుడు మీకు మిషన్‌తో పని లేదు. సొంతంగా కొట్టించి తోలుకునేవారికే అవసరం.

నా లెక్కలో సంవత్సరానికి పదిహేను రోజుల కంటే తక్కువ పని ఉంటే కిరాయి మంచిది. నలుగురైదుగురు కలిసి కొనుక్కోవచ్చు, కానీ పెట్రోలు కలపడం, చైన్ పదును పెట్టడం ఒక్కరికే అప్పగించండి. అందరిదీ అనుకున్న మిషన్‌లో ఎవరో ఒకరు ఆయిల్ కలపని పెట్రోలు పోస్తారు.

రైతు పనికి 45, 50 సీసీ ఇంజిన్, 16 నుంచి 18 అంగుళాల బార్ చాలు. కొమ్మలకే అయితే 30 సీసీది తేలిగ్గా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కనిపించే 70 సీసీ పెద్ద మిషన్లు చాలావరకు కలప పని చేసేవారి దగ్గర ఏళ్ల తరబడి రోజంతా నడిచి వచ్చినవి. బలం ఎక్కువ కదా అని వాటి జోలికి పోవద్దు. బరువు మోసేది మీ చేతులు.

"ఇంజిన్ కట్టించాం" అంటే ఏం చేశారు?

"ఇంజిన్ మొత్తం కొత్తదే అన్నా" అన్న మాటకు మూడు అర్థాలు ఉండవచ్చు. ఒకటి, రింగులు లేదా పిస్టన్ మాత్రమే మార్చి ఉండవచ్చు. రెండు, పిస్టన్, సిలిండర్ కలిపి కిట్‌గా మార్చి ఉండవచ్చు. మూడు, కింది భాగం కూడా విప్పి క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు వేసి ఉండవచ్చు. అడిగితే మూడోదే అని చెబుతారు. చాలాసార్లు చేసింది రెండోది లేదా మొదటిది. మెకానిక్ బిల్లు, స్పేరు పార్టుల బిల్లు చూపించమనండి. సీళ్ల పేరు ఆ బిల్లులో ఉందా లేదా అన్నది ముఖ్యం.

సీళ్ల గురించి ఇంతగా ఎందుకు చెప్పాలంటే, క్రాంక్ షాఫ్ట్‌కు రెండు వైపులా ఉండే ఈ చిన్న రబ్బరు రింగులు వయసు మీరి గట్టిపడితే వాటి పక్క నుంచి బయటి గాలి ఇంజిన్‌లోకి దూరుతుంది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు వేరే ఆయిల్ ట్యాంకు ఉండదు, పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలి భాగాలకు జిగురు. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. పైన కొత్త కిట్ వేసి కింద పాత సీళ్లు వదిలేసిన మిషన్ కొన్ని రోజులు బాగానే కోస్తుంది. ఆ తర్వాత అదే జబ్బు.

ఇంకో మాట. "బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాం" అని ఎవరైనా చెబితే ఆ బేరం అక్కడితో వదిలేయండి. మోటారు సైకిల్ సిలిండర్‌లో ఇనుప గొట్టం ఉంటుంది కాబట్టి బోర్ కొట్టవచ్చు. చైన్‌సా సిలిండర్ అల్యూమినియంది, లోపల పలచని గట్టి పూత ఉంటుంది. బోర్ కొడితే ఆ పూతే పోతుంది. సిలిండర్ గోడకు కరిగి అంటుకున్న పిస్టన్ అల్యూమినియంను మాత్రం గీకి శుభ్రం చేయవచ్చు. పూత చెడకుండా ఉంటే అదే సిలిండర్‌ను మళ్లీ వాడటం తప్పు పని కాదు.

పాత పిస్టన్ చూపించమనండి

మంచి మెకానిక్ దగ్గర తీసేసిన పిస్టన్ ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుంటే జబ్బు ఏమిటో తెలిసిపోతుంది. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువు గీతలు పడితే అది వేడి, అంటే గాలి లీకు గానీ, కార్బొరేటర్ పెట్రోలు తక్కువ ఇవ్వడం గానీ. కార్బొరేటర్ వైపు బూడిద రంగులో మెరుపు లేకుండా అరిగితే అది దుమ్ము, ఎయిర్ ఫిల్టర్ చిరిగిపోయో, లేకుండానో నడిపారు. చుట్టూ గీతలు ఉంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారు. పైభాగం మీద సుత్తితో కొట్టినట్టు గుంటలు ఉంటే రింగు ముక్కో, బేరింగు ముక్కో లోపల తిరిగింది. అలాంటప్పుడు కింది భాగం విప్పి శుభ్రం చేయకుండా పైన కిట్ వేస్తే ప్రయోజనం లేదు.

ఆయిల్ లేని పెట్రోలు వల్ల పోయిన ఇంజిన్ అయితే ఒక రకంగా మీకు నయమే. అది మనిషి పొరపాటు, మిషన్ జబ్బు కాదు. సరిగా కట్టి ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. వేడికి పోయిందంటే మాత్రం గాలి లీకు ఎక్కడుందో కనిపెట్టారా, ఏ భాగం మార్చారు అని అడగాలి. జవాబు లేకపోతే సరిచేయలేదనే అనుకోండి. డీలర్ వర్క్‌షాపుల్లో ఇంజిన్ రంధ్రాలు మూసి 7 పీఎస్ఐ దాకా గాలి పెట్టి నిలుస్తుందా అని చూస్తారు, గాలి లాగి కూడా చూస్తారు. ఆ పరీక్ష చేయించారా అని అడగండి. చేయించకపోతే మీ ఖర్చుతోనైనా చేయించండి.

చేతిలోకి తీసుకుని ఏం చూడాలి

పొద్దున్నే, మిషన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. వెళ్లగానే సైలెన్సర్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరు వచ్చేలోపే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారు. చల్లారేదాకా ఆగండి. చల్లటి ఇంజిన్ చోక్ లాగి నాలుగైదు లాగుళ్లలో అందుకోవాలి.

అంతకంటే ముందు, స్విచ్ ఆఫ్‌లో ఉంచి తాడు పిడి పట్టుకుని మిషన్‌ను నెమ్మదిగా గాలిలో వేలాడనివ్వండి. కంప్రెషన్ బాగుంటే ఆగుతూ ఆగుతూ, మెట్లు దిగినట్టు కిందికి దిగుతుంది. సర్రున జారిపోతే కొత్త రింగులు వేశారన్న మాట అబద్ధం. చిన్న బటన్ నొక్కి కంప్రెషన్ తగ్గించే వాల్వు ఉన్న మోడళ్లలో ఆ బటన్ పైకి ఉండాలి, లేకపోతే తప్పుగా అర్థమవుతుంది. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది. ప్లగ్గు తీసి గేజ్ బిగించి, థ్రోటల్ పూర్తిగా నొక్కి, ముల్లు ఆగేదాకా తాడు లాగాలి. కొత్తగా కట్టిన ఇంజిన్ 130 పీఎస్ఐ పైన చూపించాలి. 110 దగ్గర ఆగితే ధర బాగా తగ్గాలి. 100 లోపైతే వద్దు.

సైలెన్సర్ రెండు మూడు బోల్టులు విప్పితే వస్తుంది. ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, తాడు నెమ్మదిగా లాగుతూ పిస్టన్ పక్క భాగం చూడండి. కొత్త పిస్టన్ మీద మిషన్ కోత గీతలు సన్నగా అడ్డంగా కనిపిస్తాయి. నిలువు గీతలు కనిపిస్తే కట్టిన తర్వాత కూడా ఒకసారి వేడికి గీసుకుందన్నమాట. అమ్మే మనిషి సైలెన్సర్ విప్పనివ్వనంటే, తొందరగా అమ్మాలని ఎందుకు చూస్తున్నాడో మీకు తెలిసినట్టే.

స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదలండి. ఇంజిన్ నిలకడగా తిరగాలి, చైన్ తిరగకూడదు. మిషన్‌ను ఎడమకు, కుడికి, ముక్కు కిందికి వంచండి. వంచినప్పుడల్లా శబ్దం పెరిగినా, థ్రోటల్ వదిలాక వేగం వెంటనే దిగకుండా కాసేపు గోల పెట్టినా అది గాలి లీకు గుర్తు. తర్వాత మంచి లావు దుంగ మీద పది నిమిషాలు కోయండి. ఆపి రెండు నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద అందుకోని మిషన్ పొలంలో మిమ్మల్ని నిలబెట్టేస్తుంది. ఈ వేడి పరీక్ష చేయకుండా ఎవరూ డబ్బు ఇవ్వవద్దు.

చైన్ బ్రేకు ముఖ్యం. ముందున్న ప్లాస్టిక్ రెక్కను ముందుకు తోస్తే తిరుగుతున్న చైన్ టక్కున ఆగాలి. పాత మిషన్లలో బ్రేకు పట్టీ తెగిపోతే తీసి పారేసి నడుపుతుంటారు. అలాంటిది ఎంత చవకైనా వద్దు, లేదా బ్రేకు వేయించాకే తీసుకోవాలి. వెనక పిడి మీది సేఫ్టీ నొక్కు, చైన్ తెగితే ఆపే చిన్న కొక్కెం, పిడికీ ఇంజిన్‌కూ మధ్య రబ్బర్లు కూడా చూడండి. ఆ రబ్బర్లు చిరిగితే సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

బార్ అంచులు రెండూ సమానంగా ఉన్నాయా, క్లచ్ పక్క స్ప్రాకెట్ పళ్లలో లోతైన గాడి పడిందా, చైన్ పళ్లు ఎంత మిగిలాయి అన్నది కళ్లతోనే తెలుస్తుంది. కోసేటప్పుడు పొడి రాలితే చైన్ మొద్దు, పేలికలుగా రాలితే పదును. మొద్దు చైన్‌తో బలవంతంగా నొక్కి కోయడం కూడా ఇంజిన్లను కాల్చే కారణాల్లో ఒకటి.

ధర లెక్క

లెక్క కోసం కొత్త మిషన్ 30 వేలు అనుకుందాం. ఇంజిన్ కట్టిన పాతది 15 వేలు చెబుతున్నారు. సగం ధరే కదా అనిపిస్తుంది. చైన్, బార్, స్ప్రాకెట్ అరిగి ఉంటే 4 వేలు, పెట్రోలు పైపు, కార్బొరేటర్ కిట్, సీళ్లు కూలితో కలిపి 2 వేలు వేసుకోండి. 21 వేలకు వచ్చింది. మిగిలిన 9 వేల కోసం మీరు గ్యారంటీని వదులుకుంటున్నారు. అందుకే అన్నీ కలిపి కొత్తదాని ధరలో సగం దాటకుండా చూసుకోవాలి. ఇంజిన్ పని బిల్లు లేకపోతే మూడో వంతు కంటే ఎక్కువ పెట్టవద్దు.

మీ అంగళ్లలో కంపెనీ పేరు సరిగా లేని 52, 58 సీసీ చవక మిషన్లు కనిపిస్తాయి కదా, వాటిలో ఇంజిన్ కట్టినది అసలు కొనకండి. కొత్తదే తక్కువకు దొరుకుతుంది, పాతదాన్ని కట్టిన ఖర్చు మీ నుంచి రాబడతారు. స్టిల్, హస్క్‌వర్నా వంటి కంపెనీల మిషన్ అయితే మోడల్ నంబరు రాసుకుని వరంగల్‌లోనో ఖమ్మంలోనో ఉన్న డీలర్‌కు ఫోన్ చేసి స్పేర్లు దొరుకుతున్నాయా అడగండి. ఆ మోడల్ ఆగిపోయి స్పేర్లు రాకపోతే ఇంజిన్ ఎంత బాగున్నా కష్టం. తెలిసిన మనిషి అయితే మూడో వంతు డబ్బు ఆపి, వారం వాడుకున్నాక ఇస్తానని చెప్పండి. పనిమీద నమ్మకం ఉన్నవాడు ఒప్పుకుంటాడు.

కాగితాలు, అటవీ నిబంధనలు

మిషన్ మీది సీరియల్ నంబరు గీకేసి ఉంటే ముట్టుకోవద్దు. అది దొంగిలించినదై ఉండవచ్చు. అసలు బిల్లు ఉంటే తీసుకోండి. లేకపోతే అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, సీరియల్ నంబరు, తేదీ రాసి సంతకం పెట్టించుకోండి. మహాముత్తారం, పలిమెల, మహదేవపూర్ వైపు, కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు అడవి అంచు గ్రామాల వారికి ఈ కాగితం మరీ అవసరం. అటవీ నేరానికి వాడిన పనిముట్లను, బండ్లను స్వాధీనం చేసుకునే అధికారం అటవీ శాఖకు ఉంది. ఆ మిషన్‌తో అంతకుముందు ఎవరు ఏం కోశారో మీకు తెలియదు.

మీ పట్టా భూమిలో చెట్టు అయినా సరే, వాల్టా చట్టం కింద కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. కొన్ని రకాల చెట్లకు మినహాయింపు ఉంది. ఆ జాబితా అటవీ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. టేకు విషయంలో ఇంకా జాగ్రత్త, కొట్టడానికే కాదు, తోలడానికీ కాగితం కావాలి. జనగామ వైపు పొలాల్లో తాటి, ఈత చెట్లు ఎక్కువ. అవి మీ గట్టు మీదివే అయినా ఎక్సైజ్ శాఖను అడగకుండా కొడితే కేసు అవుతుంది. గీత కార్మికుల బతుకు ఆ చెట్ల మీద ఉంది, ముందు వారితో మాట్లాడండి.

తెచ్చుకున్నాక

టూ-టీ ఆయిల్ ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది. కంపెనీ సొంత ఆయిల్ అయితే సాధారణంగా 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. వేరే ఆయిల్ వాడితే స్టిల్ మిషన్లకు 25కి 1, లీటరుకు 40 మిల్లీలీటర్లు. హస్క్‌వర్నాకు 33కి 1, లీటరుకు 30. మూతతో అంచనాగా పోయకండి, కొలిచి పోయండి. మందుల కొలత సీసా పనికొస్తుంది, అయితే పురుగు మందుకు వాడినది మాత్రం వద్దు. కలిపిన పెట్రోలు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. వానాకాలం అంతా ట్యాంకులో వదిలేస్తే నీరు చేరి అడుగున నిలుస్తుంది, కార్బొరేటర్‌లోని పలచని రబ్బరు పొర చెడుతుంది. నెలకు మించి నిల్వ ఉన్న మిశ్రమం పోయవద్దు. మిషన్ పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఐడిల్‌లో నడపండి. బార్ ఆయిల్‌కు బదులు ట్రాక్టర్ కాలిన ఆయిల్ పోసే అలవాటు చాలా చోట్ల ఉంది. అందులోని ఇనుప రజను పంపును, బార్‌ను తింటుంది, చర్మానికీ మంచిది కాదు.

కొత్త రింగులు కుదురుకునేదాకా మొదటి నాలుగైదు ట్యాంకులు చిన్న చెక్క మీదే వాడండి, ఖాళీగా పూర్తి వేగంతో అరిపించవద్దు. ప్రతి ట్యాంకుకు ఒకసారి గుండ్రటి ఆకురాయితో చైన్ పదును పెట్టుకోండి. జామాయిల్‌ను మళ్లీ చిగురుకు వదిలేవారికి ఈ పదును మరీ అవసరం. నేలకు జానెడు లోపు ఎత్తులో, నీరు జారేలా కొంచెం వాలుగా, బెరడు చిట్లకుండా కోస్తేనే మొద్దు చుట్టూ మంచి పిలకలు వస్తాయి. మామిడి లావు కొమ్మలు కోసిన చోట అదే రోజు బోర్డో పేస్టు గానీ కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద గానీ పూయండి.

లుంగీ, పంచె, భుజం మీద తువ్వాలుతో మిషన్ పట్టవద్దు. హెల్మెట్, కళ్లద్దాలు, చెవి మూతలు, గట్టి బూట్లు ఉండాలి. బార్ కొన పై భాగం దేనికైనా తగిలితే మిషన్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది, భుజం ఎత్తు దాటి కోయకూడదనేది అందుకే. చెట్టెక్కి ఒక్క చేత్తో కోయడం అసలు వద్దు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక్క గాలివానకు వేల చెట్లు పడిపోయిన సంగతి తెలిసిందే. అలా గాలికి పడి వంగి బిగుసుకున్న చెట్టును కోయడం నిలబడ్డ చెట్టును కోయడం కంటే ప్రమాదం, కోయగానే విల్లులా ఎగురుతుంది. అలాంటి పనికి ఒంటరిగా వెళ్లవద్దు. చెట్టు కరెంటు తీగల మీద పడి ఉంటే మీ లైన్‌మన్‌కు గానీ 1912కు గానీ ఫోన్ చేయండి, సరఫరా ఆపారని అతను వచ్చి చెప్పేదాకా మిషన్ స్టార్ట్ చేయకండి.